పగటి నిద్రను తిరిగి ఇచ్చిన రబ్బరు పట్టీ

నేను ఆసుపత్రిలో నర్సును. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. ఉదయం తొమ్మిదికి ఇంటికి వచ్చి పడుకునే వేళకే కూరగాయల ఆటో మైకు పెట్టుకుని మా వీధిలోకి వస్తుంది. కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, చెక్క రెక్కల కిటికీలు. అద్దె ఇల్లు కనుక పెద్ద మార్పులు చేసే వీలు లేదు.

మొదట 1,900 రూపాయలు పెట్టి నల్లని ఫోము పలకలు తెప్పించి గోడంతా అంటించాను. గదిలో మాట మారుమోగడం తగ్గింది, మైకు మాత్రం తగ్గలేదు. ఫోము పీల్చుకునేది గదిలో తిరిగే ప్రతిధ్వనిని. బయటి చప్పుడును ఆపాలంటే బరువు ఉండాలి, సందు ఉండకూడదు. దూది లాంటి పలకకు ఆ బరువెక్కడిది? దాన్ని ‘సౌండ్‌ప్రూఫ్’ అని అమ్మడం అన్యాయం.

అసలు సంగతి చెప్పింది వడ్రంగి. “పట్టపగలు అన్నీ మూసి, లైటు ఆర్పి చూడమ్మా. వెలుతురు దూరే చోటు నుంచే చప్పుడూ దూరుతుంది” అన్నాడు. చూస్తే కిటికీ రెక్కల చుట్టూ వెలుగు గీతలు, తలుపు కింద అర అంగుళం సందు!

వెనుక జిగురుండే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పట్టీ 12 మీటర్లు 640 రూపాయలు, తలుపు అడుగున బిగించే పట్టీ 350, కూలి 500. చట్రాన్ని స్పిరిటుతో తుడిచి ఆరనిచ్చాకే అంటించాలి. పట్టీ సందుకన్నా కాస్త మందంగా ఉంటేనే రెక్క మూసినప్పుడు నొక్కుకుని కూర్చుంటుంది. మొదటి వారం గడియ వేయడానికి బలం పెట్టాల్సి వచ్చింది. పక్కకు జరిపే కిటికీలకు ఈ రకం వద్దు, రాపిడికి ఊడిపోతుంది. వాటికి కుచ్చు పట్టీలు వేరే దొరుకుతాయి.

ఫోను యాప్ చూపే చప్పుడు కొలత కచ్చితమైనది కాదు. అయినా అదే ఫోను, అదే మంచం, అదే ఆటో: 62 డెసిబెల్స్ ఉన్నది 55కు దిగింది. ఇదివరకు కిలో టమాటా ఎంతో మంచం మీదికే వినిపించేది. ఇప్పుడు ఎవరో ఏదో అంటున్నారని మాత్రమే తెలుస్తుంది. లారీల గుడగుడ, పై అంతస్తులో డ్రిల్లింగు ఆగలేదు. డ్రిల్లింగు చప్పుడు శ్లాబు గుండా వస్తుంది, దానికి ఈ పట్టీ ఏమీ చేయలేదు. అయినా వరసగా ఆరు గంటలు నిద్రపోయిన రోజు నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

నర్సుగా ఒక్క మాట. గ్యాస్ గీజరు ఉన్న స్నానాల గదికి ఈ పట్టీలు వేయకండి. గాలి ఆడకపోతే అక్కడ చేరే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన కూడా ఉండదు.