నాన్న నంబరుకు పోయిన ఓటీపీ: రిటర్ను ఈ-వెరిఫికేషన్ పదేళ్ల వాడకం

జూలై వచ్చిందంటే మా స్టాఫ్‌రూంలో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ పడుతుంది. "సార్, ఫారం 16 వచ్చింది, ఒకసారి చూస్తారా?" అంటూ ఒకరి తర్వాత ఒకరు. ఏడాది జీతం, అందులో పట్టుకున్న పన్ను లెక్క చూపే కాగితం అది. టంగుటూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఇల్లు ఒంగోల్లో. నా ఆదాయపు పన్ను రిటర్ను 2013 నుంచి నేనే వేసుకుంటున్నాను. అమ్మది, అత్తయ్యది, తోటి టీచర్లవి కలిపి ఏడాదికి పదిహేను దాకా నా చేతుల మీదుగా పోతాయి. రిటర్ను నింపడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నింపాక, "ఇది వేసింది నేనే" అని రుజువు చేసుకునే ఆఖరి మెట్టు గురించే నేను రాస్తున్నాను. ఐదు నిమిషాల పని అంటారు. నిజమే, ఆధార్‌లో ఉన్న ఫోను నంబరు మన జేబులోనే ఉంటే.

మొదట్లో ఎట్లా ఉండేదో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు తెలియదు. ఆన్‌లైన్లో వేసినా సరే, ఐటీఆర్-వి అనే ఒక్క పేజీ ప్రింటు తీసి, నీలం సిరాతో సంతకం పెట్టి, బార్‌కోడ్ మీద మడత పడకుండా కవర్లో పెట్టి బెంగళూరులోని పన్ను శాఖ కేంద్రానికి పంపాలి. 120 రోజుల గడువు. మామూలు పోస్టు గానీ స్పీడు పోస్టు గానీ అయ్యుండాలి, కొరియర్ పనికిరాదు. ఒంగోలు హెడ్ పోస్టాఫీసులో ఐదారు కవర్లు ఒకేసారి ఇచ్చి వచ్చేవాణ్ణి. అందిందని మెయిల్ వచ్చేదాకా మనసు అటే ఉండేది. 2015లో ఆధార్ ఓటీపీ వచ్చింది. ఆరంకెలు కొట్టాను, వెరిఫై అయిందన్న మెయిల్ కుర్చీలోంచి లేవకముందే వచ్చింది. ఆ సంతోషం నాకింకా గుర్తుంది. ఈ పదేళ్లలో నా సొంత రిటర్నుకు ఒక్కసారి కూడా ఆ దారి అడ్డం తిరగలేదు. ఆ మాట ముందే చెప్పాలి.

అడ్డం తిరిగింది అమ్మ విషయంలో.

నాన్న 2019 నవంబరులో పోయారు. ఆయనా టీచరుగా చేసి రిటైరయినవారే. అమ్మకు ఫ్యామిలీ పెన్షను, ఆయన రిటైర్మెంటు డబ్బులు బ్యాంకు డిపాజిట్లో. పన్ను పట్టొద్దని పెద్దవాళ్లు బ్యాంకుకు ఇచ్చే ఫారం 15హెచ్ సంగతి ఆ దిగుల్లో నాకు తట్టలేదు, వడ్డీ మీద టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పట్టేశారు. వెనక్కి రావాలంటే రిటర్ను వెయ్యాలి. కరోనా వల్ల ఆ ఏడు గడువు 2021 జనవరి 10 దాకా జరిగింది. డిసెంబరులో ఒక ఆదివారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అంతా నింపి, ఆధార్ ఓటీపీ నొక్కాను. అమ్మ ఫోన్లో ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది: "అబ్బయ్యా, ఆధార్ తీసిన రోజుల్లో నాకు ఫోనెక్కడిదిరా? నాన్న నంబరే గదా రాయించింది."

నాన్న ఫోను బీరువాలో ఆయన కళ్లజోడు పక్కనే ఉంది. ఛార్జింగు పెడితే వెలిగింది గానీ సిగ్నల్ లేదు. ఏడాదిగా రీచార్జి లేదు కాబట్టి నంబరు ఎప్పుడో ఆగిపోయింది. అట్లా ఆగిన నంబర్లను కొన్నాళ్లయ్యాక వేరేవాళ్లకు ఇస్తారని విన్నాను. నా ఫోన్లోంచి ఆ నంబరు కలిపాను. తెర మీద "నాన్న" అని పడింది. ఎత్తింది ఎవరో కుర్రాడు. ఏం మాట్లాడాలో తెలియక పెట్టేశాను. అమ్మకు రావాల్సిన ఆరంకెలు రెండుసార్లు ఆ అబ్బాయి ఫోన్లో పడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఏటికి మళ్లీ పాత కవరే దిక్కయింది. అమ్మ చేత సంతకం పెట్టించి స్పీడు పోస్టులో పంపాను, రిఫండు వచ్చింది. ఆధార్‌లో నంబరు మార్పించడానికి మాత్రం కరోనా సద్దుమణిగాక గానీ వీలుపడలేదు. ఇంట్లో కూర్చుని మార్చుకోవడం కుదరలేదు, మనిషి వెళ్లి వేలిముద్ర వెయ్యాలన్నారు. అమ్మ పెళ్లికి ముందు కొండపి వైపు పొగాకు ఆకు గుచ్చి, గ్రేడింగు చేసి పెరిగిన మనిషి. ఆ వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మెషిను మీద ఐదుసార్లు పెట్టినా పడలేదు. చెయ్యి కడుక్కొచ్చి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. అక్కడున్న అమ్మాయి ఓపికగల పిల్ల, కంటిపాప తీసుకుని పని పూర్తి చేసింది. అప్పట్లో 50 రూపాయలు. 2025 అక్టోబరు నుంచి 75 అయింది. వేలిముద్రలు పడని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, కంటిపాపతో తీసుకోమని మీరే అడగండి.

ఇప్పుడు నా దగ్గర కూర్చున్న ఎవరినైనా మొదట అడిగేది ఫారం 16 కాదు, "ఆధార్‌లో ఏ నంబరుంది?" అని. సగం మందికి గుర్తుండదు. ఆధార్ వెబ్‌సైట్లో నంబరు కొట్టి సరిచూసుకునే వీలుంది, నిమిషం పట్టదు. మన ఇళ్లల్లో ఒకే ఫోను మీద భార్యాభర్తల ఆధార్లు, పిల్లల ఆధార్లు, ఊళ్లో ఉన్న నాయనమ్మది కూడా ఉంటాయి. మనిషికో ఫోను అనుకుని కట్టిన పద్ధతి ఇది. ఇంటికో ఫోనుగా బతికిన తరానికి ఇక్కడే ఇబ్బంది.

ఆధార్ ఒక్కటే దారి కాదని తెలియనివాళ్లూ ఉన్నారు. బ్యాంకు ఖాతాను ఆదాయపు పన్ను పోర్టల్లో ముందే వ్యాలిడేట్ చేసుకుంటే, అంటే మనదేనని సరిచూపించుకుంటే, ఆ ఖాతా ద్వారా ఈవీసీ (ఎలక్ట్రానిక్ వెరిఫికేషన్ కోడ్) వస్తుంది. అంకెలూ అక్షరాలూ కలిసిన పది గుర్తుల కోడు అది, 72 గంటలు పనిచేస్తుంది. ఆధార్ ఓటీపీకైతే 15 నిమిషాలే. నెట్ బ్యాంకింగులోంచి పోర్టల్లోకి వెళ్లే దారీ ఉంది, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా ఉన్నవాళ్లకు అదీ పనికొస్తుంది. నన్నడిగితే పెద్దవాళ్లకు బ్యాంకు ఈవీసీయే మేలు. బ్యాంకులో నంబరు మార్చుకోవడం తేలిక, పెన్షను కోసం ఆ బ్రాంచి వాళ్లకు ఎలాగూ తెలిసిన మనిషే. రిఫండు పడాలన్నా ఖాతా వ్యాలిడేట్ అయ్యే ఉండాలి కాబట్టి ఒకే పనికి రెండు ప్రయోజనాలు.

పేర్ల గొడవ ఇంకోటి. 2023 జూన్ 30 లోపు పాన్, ఆధార్ కలపాలన్నప్పుడు మా స్టాఫ్‌రూంలో నలుగురికి కలవలేదు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర్లో. ఆధార్‌లో ఒక్క అక్షరం, అదీ ముందు. మనకు రెండూ ఒకటే, కంప్యూటరుకు ఇద్దరు మనుషులు. వెయ్యి రూపాయల ఫీజు కట్టినంత మాత్రాన కలవలేదు, ఏదో ఒక కార్డులో పేరు దిద్దించుకుని రావాల్సి వచ్చింది. ఒక మేడమ్‌కు పుట్టిన తేదీ కూడా తేడా. పదో తరగతి సర్టిఫికెట్టు పట్టుకుని రెండు వారాలు తిరిగింది పాపం.

పన్ను కట్టడానికి మాత్రం ఇంత పరీక్ష లేదు. అదే పోర్టల్లో పన్ను కట్టే ఈ-పే ట్యాక్స్‌లో లాగిన్ అక్కర్లేదు. పాన్ కొట్టి, ఏదో ఒక ఫోనుకు ఓటీపీ తెప్పించుకుంటే చాలు, పేరు సగం దాచి చూపిస్తుంది, సరిచూసుకుని కట్టెయ్యొచ్చు. అమ్మ పన్ను నేను కట్టినా ఇబ్బంది లేదు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు చెప్పేదీ ఇంచుమించు ఇదే. అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌లో ఖాతా తెరవాలంటే ఐడీ.మీ అనే సంస్థ ద్వారా గుర్తింపు కార్డు ఫొటో, సెల్ఫీ ఇవ్వాలి, లేదంటే వీడియో కాల్లో మనిషికి చూపించాలి. డబ్బు కట్టడానికైతే ఆ ఖాతా లేకుండానే వీలుంది. వాళ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది: ఫారం 4868 ఇస్తే రిటర్నుకు అక్టోబరు 15 దాకా గడువు వస్తుంది. పన్ను మాత్రం ఏప్రిల్లోనే కట్టాలి.

మనకు అట్లా గడువు అడిగే ఫారం లేదు. పైనుంచి ఉత్తర్వు వస్తేనే. 2025లో జూలై 31ని సెప్టెంబరు 15 చేశారు, ఆ రాత్రి ఇంకొక్క రోజు పెంచారు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దని మావాళ్లకు చెబుతూనే ఉంటాను. అసలు దెబ్బ తగిలేది వేరేచోట. 2022 ఆగస్టు 1 నుంచి వెరిఫికేషన్ గడువు 120 రోజుల నుంచి 30కి తగ్గింది. మా సోషల్ మాస్టారు 2024 జూలై 28న రిటర్ను వేశారు. సబ్మిట్ కొట్టి, "వెరిఫై లేటర్" నొక్కి, పని అయిపోయిందనుకున్నారు. రిఫండు రాలేదేమా అని అక్టోబరులో నా దగ్గరికొచ్చారు. చూస్తే వెరిఫై కాలేదు. 30 రోజులు దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్ను వేసిన రోజు కింద లెక్క. అంటే ఆయన అక్టోబరులో వేసినట్టు. ఆదాయం ఐదు లక్షలు దాటింది కాబట్టి 5,000 ఆలస్య రుసుము. జూలైలో ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే మిగిలే డబ్బు. ఆయన ముఖం చూసి నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి నా పక్కన కుర్చీలో కూర్చున్నవాళ్లను ఓటీపీ కొట్టి, అక్‌నాలెడ్జ్‌మెంటు డౌన్‌లోడ్ అయ్యేదాకా లేవనివ్వను.

బయట ఇచ్చి వేయించుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి. లాగిన్ అయ్యి ప్రొఫైల్లో ఎవరి ఫోను, ఎవరి మెయిల్ ఉందో చూడండి. కొత్తగా మా బడికి బదిలీపై వచ్చిన ఒకాయన ప్రొఫైల్లో రెండూ పాత ఊళ్లో వేసిపెట్టిన మనిషివే. మూడేళ్లుగా నోటీసులు ఏవైనా వచ్చి ఉంటే ఆ మనిషికే వెళ్లేవి. ఆ పూటే మార్పించి, పాస్‌వర్డు కూడా ఆయన చేతే కొత్తది పెట్టించాను.

అమ్మ రిటర్ను పోయినేడు పది నిమిషాల్లో అయింది. ఫోను తన చేతిలోనే పెట్టుకుంది. మెసేజ్ రాగానే కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకె చదివింది, నేను కొట్టాను. అత్తయ్య ఆధార్‌లో ఇంకా మామయ్య నంబరే ఉంది. దసరా సెలవుల్లో ఆమెను తీసుకెళ్లాలి.