పాత సంత స్థలంలో కట్టిన మార్కెట్ భవనం: వాడాక చెబుతున్నా

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల వైపు ఉంటాం. మా ఊరి నడిబొడ్డున పాత సంత స్థలంలో రెండంతస్తుల మార్కెట్ లేచి చాన్నాళ్లయింది. ఇప్పుడు మిగిలిన సగంలో, చేపల రేకుల షెడ్డు పీకేసి, అలాంటిదే మరొకటి కడతారట. ఊరి వాళ్ల అభిప్రాయాలు చెప్పమని ఆటోలో మైకు పెట్టి చాటించారు. మొదటిదాన్ని రోజూ వాడుతున్నదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

ముందు మెచ్చుకోవాల్సింది మరుగుదొడ్లని. నవ్వకండి. చీకటితోనే కొండ దిగి, చింతపండో చీపుర్లో తెచ్చే సవర ఆడవాళ్లు ఆ రోజుల్లో సాయంత్రం దాకా నీళ్లు తాగేవారు కారు. ఇప్పుడా బాధ తప్పింది, కాపలా మనిషి తాళం తీసిన రోజున. కిరాణా కొట్లకీ సుఖమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పాత రేకులు లేచిపోయి పప్పుల బస్తాలు నానిపోయాయి. ఇప్పుడు మబ్బు పడితే షట్టరు దించేసి ఊరుకుంటారు.

తంటా అంతా కూరగాయలతోనే. వాళ్లకి పైఅంతస్తు ఇచ్చారు. ర్యాంపు ఉంది గానీ దాని మీద ఎప్పుడూ మోటారు సైకిళ్లే. పైన నడుమెత్తు గట్లు కట్టి నున్నటి టైల్స్ వేశారు. ఆ గట్టెక్కి కూర్చుంటే కాళ్లు వేలాడతాయి, కుప్ప పోస్తే వంకాయలు జారిపోతాయి. తోటకూర మీద చల్లిన నీళ్లు పోయే దారి లేక పక్కామె పసుపు గోనె కిందికి చేరతాయి. ఒక వానాకాలం గడిచేసరికి ఒక్కొక్కరే దిగొచ్చి రోడ్డువార కూర్చున్నారు. పనసకాయలు అమ్మే ముసలమ్మని పైకెందుకు వెళ్లవని అడిగితే, "ఏటమ్మా, కాయ కోసం ఎవులు మెట్లెక్కుతారు?" అంది. నేనూ ఎక్కను. మేడ మీద ఇప్పుడు షామియానా వాళ్ల కుర్చీలున్నాయి. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కింద తట్టలు వెనక్కి జరుగుతున్నాయి.

కొత్తదాని మీద ఊళ్లో తలో మాట. షట్టర్ల వాళ్లకి మూడంతస్తులు కావాలి, పగిడీ (కొట్టు చేతికిచ్చేటప్పుడు ముందుగా తీసుకునే సొమ్ము) లెక్కలు వాళ్లవి. కుర్రాళ్లు కింద పార్కింగ్ అంటున్నారు. మా మావయ్యగారైతే షెడ్డు కదపొద్దని పట్టు. నా మటుకు కట్టమనే అంటాను. కాకపోతే నేలంతా తెరిచి ఉంచి, ఎత్తుగా కప్పు వేసి, తట్టలతో అమ్మేవాళ్లని కింద కూర్చోబెట్టండి. కొట్లు, ఆఫీసులు పైకి పంపండి. బట్టలు కొనేవాళ్లు మెట్లెక్కుతారు.

ఇది దయ చూపమని అడగడం కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. యాభై ఏళ్లు దాటి సాగుతున్న సంతల్ని వారసత్వ సంతలుగా గుర్తించి, అక్కడి వాళ్లని కదపకూడదనీ అందులో ఉంది. మా తాతల నాటి సంతకి ఆ లెక్క ఎవరైనా చూశారా?

కిరాణాకి నాలుగు నక్షత్రాలు, కూరగాయలకి ఒకటి. చేపలవాళ్ల సంగతి కొత్త ప్లాన్ బట్టి ఉంటుంది. ఐసు కరిగిన నీళ్లు, కడుగు నీళ్లు ఎటు పోతాయో అందులో ముందు చూపించాలి. గోడకి అంటించిన బొమ్మలో లిఫ్టు ఉంది, కాలువ కనబడలేదు.