ట్యాబా ల్యాప్‌టాపా అని అడిగేవాళ్ళకి, ఆరు నెలలు వాడినాక చెప్తా ఉండా

ఇంట్లో రోజూ వాడుకోవడానికని తిరుపతిలో శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ తీసుకున్నా, 11 అంగుళాల స్క్రీన్, బరువు అర కిలో లోపే, బ్యాటరీ 7040 ఎంఏహెచ్. మా అమ్మకి ఇది బాగా నచ్చేసింది. పొద్దున్నే ఎస్వీబీసీ భక్తి ఛానల్లో సుప్రభాతం పెట్టుకుని, వంటింట్లో బియ్యం డబ్బాకి ఆనించి, తడి చేతిని కొంగుకి తుడుచుకుని ఒక్క వేలితో సౌండ్ పెంచుకుంటాది, ల్యాప్‌టాప్ అయితే ఆమె దగ్గరికి కూడా వచ్చేది కాదు. మా పాప పాఠాలు చూసేదానికి, పీడీఎఫ్ మీద పెన్సిల్‌తో గీసినట్టు గీసుకునేదానికి కూడా ఇదే సుఖం (పెన్ను విడిగా కొనుక్కోవాల, మెత్తటి మొన ఉండే మామూలుదే చాలు).

కానీ నా పని వేరే. నేను ట్యూషన్ చెప్తా, తెలుగులో ప్రశ్నాపత్రం టైప్ చేయాల. ట్యాబ్‌లో కీబోర్డు పైకొస్తే సగం స్క్రీన్ పోతాది, ఒత్తులు, టేబుల్ గళ్ళు సరి చేసేసరికి రాత్రి పదకొండు అయిపోయింది, నిజంగా ఏడుపొచ్చింది. మళ్ళీ పాత ల్యాప్‌టాప్ తీసి ముప్పావు గంటలో ముగించినా. బ్లూటూత్ కీబోర్డు కూడా పెట్టి చూసినా, ఉత్తరం రాసేదానికి బాగుండాది కానీ పెద్ద ఎక్సెల్ షీటుకి, ఒకేసారి నాలుగు ఫైళ్ళు తెరిచి పెట్టుకునేదానికి ల్యాప్‌టాపే నయం.

కాబట్టి చదివేదానికి, చూసేదానికి, వీడియో కాల్‌కి అయితే ట్యాబ్ తీసుకోండి. డిగ్రీ పిల్లోళ్ళకి మాత్రం, ప్రాజెక్టులు, కోడింగ్ ఉంటే, దయచేసి ట్యాబ్‌తో సరిపెట్టొద్దండి, ఇంకొంచెం డబ్బులు కూడబెట్టి 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్ళు తొందరగా తెరుచుకునే రకం స్టోరేజీ) ఉండే ల్యాప్‌టాపే కొనివ్వండి.