ఆరేళ్లుగా ఆర్‌సీ కెర్నళ్లు: పనితీరు బాగుంది, పేరుతోనే చిక్కు

ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో సోమవారం పొద్దున కాఫీ కంటే ముందు నేను చూసేది లైనక్స్ కొత్త ఆర్‌సీ కెర్నల్ వచ్చిందా లేదా అని. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ; ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్) అంటే అసలు విడుదలకు ముందు పరీక్ష కోసం వదిలే కూర్పు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వాటిని సాధారణంగా ఆదివారం విడుదల చేస్తారు. అమెరికాలో ఆదివారం సాయంత్రమంటే విశాఖలో సోమవారం తెల్లవారినట్టే. వారానికొకటి చొప్పున ఆర్‌సీ7 వరకో, ఆర్‌సీ8 వరకో నడిచాక అసలు విడుదల. ఆరేళ్లుగా వీటిని సొంతంగా కంపైల్ చేసుకుని వాడుతున్నాను. ఆర్‌సీ5 దాటాక నా పని ఆగిన రోజులు చాలా తక్కువ.

నా ఫిర్యాదంతా పేరు మీదే.

గాజువాకలో మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఒకసారి ఆర్‌సీ7 వేశాను. మూత మూసి తెరిస్తే వైఫై అందేది కాదు. అసలు విడుదల రాగానే దాన్నీ ఎక్కించి, సరిపోయిందనుకుని వచ్చేశాను. పది రోజులకు ఫోను: "అన్నయ్యా, వైఫై ఇంకా అలాగే ఉంది." నడుస్తున్న కెర్నల్ పేరు చూపే యూనేమ్ ఆదేశం ఇచ్చి చూడమన్నాను. ఇంకా ఆర్‌సీ7 మీదే నడుస్తోంది! పది రోజులు వాడిని అనవసరంగా ఇబ్బంది పెట్టానని ఇప్పటికీ బాధే.

2023 అక్టోబరు 29న వచ్చిన 6.6నే తీసుకోండి. దాని పేరు 6.6.0. అంతకు వారం ముందుది 6.6.0-ఆర్‌సీ7. నిఘంటువులో 'కల' తరువాతే 'కలము' వస్తుంది కదా, మామూలు వరుసలోనూ అంతే: తోక ఉన్నది తరువాతిదవుతుంది. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ కెర్నల్ నడవాలో ఎంచే బూట్ మెనూ ఆ వరుసనే నమ్మితే పాతదే కొత్తదిగా పైకెక్కుతుంది. పేరు చివర తేదీ చేర్చి చూశాను, ఫలితం లేదు. పోలిక తేదీ దాకా వెళ్లకముందే 'ఆర్‌సీ' అక్షరాల దగ్గరే తేలిపోతుంది.

దీనికి డెబియన్ అనే లైనక్స్ రకం ప్యాకేజీల్లో చక్కని ఉపాయం ఉంది. అడ్డగీతకు బదులు టిల్డ గుర్తు: 6.6~ఆర్‌సీ7. వరుసలో టిల్డ ఉన్న పేరు అక్కడితో ముగిసిపోయే పేరు కంటే కూడా ముందుంటుంది కాబట్టి ఆర్‌సీ తన చోట తాను కూర్చుంటుంది. మరో ప్యాకేజీ పద్ధతి ఆర్‌పీఎమ్ కూడా దీన్ని గుర్తిస్తుంది. కెర్నల్ తన పేరులోనే ఈ గుర్తు పెట్టుకుంటే ఎంత బాగుండును!

ప్రస్తుతానికి అసలు విడుదల ఎక్కించి, మెనూలో దాన్ని నేనే ఎంచుకుని, యూనేమ్‌తో సరిచూసుకున్నాకే ఆర్‌సీ ఫైళ్లు తీసేస్తున్నాను. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇక ఆర్‌సీలు వేయడం లేదు.