తారల పిలుపుకు మొదటి పేజీ, కావలి పాపకు వెతుకులాట: ఒక ఆన్‌లైన్ విరాళాల సేవపై సమీక్ష

కావలిలో మా వీధి ఆటో డ్రైవరు కుమార్తెకు చెన్నైలో ఆపరేషన్ చేయించడానికి, చేబదుళ్లు, తాకట్లు అన్నీ అయిపోయాక, దేశంలో పేరున్న ఒక ఆన్‌లైన్ విరాళాల వేదికలో పేజీ తెరిచాము.

ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనాను, తండ్రి గుర్తింపు పత్రాలను పరిశీలించిన తరువాతే వారు ఆ పేజీని ప్రచురించారు. వచ్చిన సొమ్మును ఎవరి చేతికీ ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపారు. దొంగ విజ్ఞప్తులు వాట్సాప్‌లో తిరిగే ఈ రోజుల్లో ఇది మెచ్చుకోవలసిన జాగ్రత్త. చెల్లింపు దగ్గర మాత్రం సంస్థకు వెళ్లే 'టిప్' ముందే ఎంపికై ఉంటుంది. వెయ్యి రూపాయలు ఇవ్వబోయిన మా పక్కింటి రిటైర్డ్ మాస్టారు, మొత్తం 1,140 అని కనిపించేసరికి ఆగిపోయి నాకు ఫోన్ చేశారు. దాన్ని సున్నా చేసుకునే వీలుంది గానీ, ఆ మాట ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, అడుగున ఉంది.

అంతకంటే నన్ను బాధించింది మొదటి పేజీ. అక్కడ సినీ తారల, క్రికెటర్ల, పెద్ద స్వచ్ఛంద సంస్థల ప్రచారాలే కనిపిస్తాయి; మా పాప పేజీ పేరు పెట్టి వెతికితే తప్ప దొరకదు. వచ్చిన విరాళాల్లో దాదాపు అన్నీ నెల్లూరు, ఒంగోలు, కందుకూరుల్లోని మా తెలిసినవాళ్లవే.

పేరున్నవారు అడగడమే తప్పని నేను అనను. 2021 మేలో విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మ తమ వంతుగా 2 కోట్లు ఇచ్చి, కొవిడ్ సాయం కోసం కెట్టో అనే ఆన్‌లైన్ విరాళాల వేదికలో ప్రారంభించిన నిధి 7 కోట్ల తొలి లక్ష్యాన్ని దాటి 11 కోట్లకు పైగా చేరింది. ముందు తామిచ్చి తరువాత అడిగారు కనుక ఆ పిలుపుకు బలం వచ్చింది. 2013లో అమెరికా టీవీ సీరియల్ ఆధారంగా తీయదలచిన 'వెరోనికా మార్స్' సినిమాకు, కొత్త ప్రాజెక్టులకు జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌ వేదికలో 91 వేల మందికి పైగా అభిమానులు 57 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు, హక్కులు వార్నర్ బ్రదర్స్ వంటి స్టూడియో చేతిలో ఉండగా జనాన్ని అడగడమేమిటని విమర్శలు వచ్చాయి. ఇలాంటి ప్రచారాలతో కొత్తగా వచ్చినవారిలో వేలమంది ఆ తరువాత ఇతర ప్రాజెక్టులకూ డబ్బిచ్చారని కిక్‌స్టార్టర్ జవాబిచ్చింది. మేము వాడిన సేవను నేను ఆ జవాబుతోనే కొలుస్తాను: తారల కోసం వచ్చిన దాతలకు మిగతావారి విజ్ఞప్తులూ చూపుతుందా అని. ఒక నటుడి ప్రచారానికి నేను కొంత విరాళమిచ్చి చూశాను; ధన్యవాదాల పేజీలో అదే ప్రచారాన్ని పదిమందికి పంపమన్నారే తప్ప, మా జిల్లా విజ్ఞప్తి ఒక్కటీ చూపలేదు.

ఐదుకు మూడు మార్కులు ఇస్తాను. ఆపదలో ఉన్న కుటుంబం దీన్ని వాడవచ్చు. అయితే దాతలను సంస్థే తెస్తుందని ఆశించకుండా మీ ఊరివాళ్ల నంబర్లు ముందే సిద్ధం చేసుకోండి, టిప్ ఎలా తీసివేయాలో మీరు పంపే సందేశంలోనే తెలుగులో రాయండి.