ఆరేళ్లుగా తోలుతున్న గడ్డికోత బండి: స్టీరింగ్‌తో మా అనుభవం

పి.గన్నవరం దగ్గర, వైనతేయ గట్టు పక్కన మాకు మూడెకరాల కొబ్బరితోట ఉంది. అందులో సగం పచ్చిక వేసి ఫంక్షన్లకు ఇస్తున్నాం. 2019 డిసెంబరులో, పైన కూర్చుని తోలే పెట్రోలు మోవర్ కొన్నాం. కోత వెడల్పు 42 అంగుళాలు. ఇంజను, బ్లేళ్లు ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. డబ్బు ఖర్చయిందీ, టెన్షన్ పడిందీ స్టీరింగ్‌తోనే.

మొదటిసారి 2021 వానాకాలంలో. తోటలో పనిచేసే కుర్రాడు వచ్చి, "బాబుగారండీ, బండి ఎడం పక్కకి లాగేత్తందండి" అన్నాడు. కింద ఏ రాడ్డో వంగిందనుకున్నాను. తీరా చూస్తే ఎడమ ముందు టైరుకు ఈతముల్లు గుచ్చుకుని, గాలి సగం దిగిపోయింది. మా బండికి ముందు టైర్లలో 14, వెనక టైర్లలో 10 పీఎస్ఐ ఉండాలి. బంకులో మోటారుసైకిల్ లెక్కన 25 కొట్టేస్తే టైరు రాయిలా గట్టిపడి, బండి ఎగిరెగిరి పడుతుంది. అందుకే తక్కువ గాలిని కొలిచే చిన్న గేజి కొని షెడ్డులో మేకుకు తగిలించాం. బండి పక్కకు లాగుతోందంటే ముందు ఆ గేజి తీస్తాం, తర్వాతే స్పానర్లు.

అసలు దెబ్బ 2022 జులై వరదకు తగిలింది. బండిని అరుగు మీదకు ఎక్కించాం కాబట్టి ఇంజను తడవలేదు గానీ, ముందు చక్రాలు మూడు రోజులు నీళ్లలోనే ఉన్నాయి. నెల తిరిగేసరికి స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు చేతులతో తిప్పితే గానీ తిరగదు. అమ్మినవాళ్లను అడిగితే స్టీరింగ్ గేరు పోయింది, మార్చాలన్నారు. మార్చాం. బరువు ఇసుమంత తగ్గలేదు.

చివరికి మా ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి చూశాడు. జాకీతో ముందు భాగం లేపి, కింద చెక్క దిమ్మలు పెట్టి, స్టీరింగ్ గేరును స్పిండిల్‌కు (చక్రాన్ని మోస్తూ దాన్ని అటూ ఇటూ మళ్లించే ఇరుసుకు) కలిపే రాడ్లు ఊడదీసి, ఒక్కో చక్రాన్నీ చేత్తో అటూ ఇటూ మళ్లించమన్నాడు. కుడిది మళ్లింది, ఎడమది కదల్లేదు. వరద నీటికి గ్రీజు కొట్టుకుపోయి, ఒండ్రుమట్టి చేరి, స్పిండిల్ తన బుష్‌లోనే (అది తిరిగే గొట్టంలోనే) తుప్పుపట్టి పట్టేసింది. కిరసనాయిలు పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున సుత్తితో మెల్లగా తట్టి బయటికి తీశాడు. బుష్ పాడైపోయింది. రావులపాలెంలో లేత్ షాపు వాళ్లు గన్‌మెటల్‌తో కొత్తది తిప్పి ఇచ్చారు. గేరుకు పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. రాడ్లు ఊడదీసే ఆ పది నిమిషాల పరీక్ష ముందే చేసి ఉంటే గేరు జోలికి వెళ్లేవాళ్లమే కాదు. ఇప్పుడు వర్షాకాలంలో ప్రతి పదిహేను రోజులకూ స్పిండిల్ నిప్పల్‌కు (గ్రీజు ఎక్కించే చిన్న ముక్కుకు) గ్రీజుగన్ పెట్టి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొడతాం.

లూజు సంగతి వేరు, దానికి నేను నిజంగా భయపడ్డాను. నిరుడు బోదె పక్కన కోస్తుంటే కుర్రాడు స్టీరింగ్ తిప్పినా బండి వెంటనే మళ్లలేదు. ఒక చక్రం బోదెలోకి దిగింది. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ప్లగ్ వైరు తీసి పక్కన పెట్టి, అతన్ని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఆడించమని, నేను నేలమీద పడుకుని చూశాను. పైన గేరు కదిలింది, దాంతో రాడ్డు కదిలింది, కానీ చక్రం ఆలస్యంగా కదిలింది. ఆ రాడ్డు (టై రాడ్) చివర జాయింట్లు రెండూ అరిగిపోయాయి. అవి మార్చాక చాలా వరకు తగ్గింది.

మిగిలిన లూజు గేరులోది. స్టీరింగ్ కింద ఉండే చిన్న పళ్ల చక్రం (పినియన్), అర్ధచంద్రాకారంలో ఉండే పళ్ల ప్లేటును తిప్పుతుంది. ఎక్కువగా నేరుగానే నడుపుతాం కాబట్టి ప్లేటు నడిమి పళ్లే ముందు అరుగుతాయి. ఒక వాషరు వేసి ప్లేటును దగ్గరకు జరిపితే మధ్యలో లూజు తగ్గుతుంది. అతిగా జరిపితే మాత్రం పూర్తిగా తిప్పేటప్పుడు చివర పట్టేస్తుంది. ఈ ప్లేటు ఇంత పల్చటి రేకుతో చేయడం నాకు నచ్చలేదు. కొబ్బరిచెట్ల చుట్టూ రోజంతా తిప్పే పనికి అది చాలదు. పళ్లమీద గ్రీజు దట్టంగా పూయకండి, ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. బ్రష్షుతో తుడిచి పల్చగా రాస్తే చాలు.

తడిగడ్డి మీద ముందు చక్రాలు జారితే అది స్టీరింగ్ లోపం కాదు. వెనక గడ్డి పట్టే సంచులు నిండితే ముందు భాగం తేలికవుతుంది. సంచులు సగంలోనే దించేస్తున్నాం, మలుపుల్లో వేగం తగ్గిస్తున్నాం.

ఈ బండి మళ్లీ కొంటాను. కాకపోతే స్పిండిల్‌కు నిప్పల్ ఉందా, జాయింట్లు దగ్గర్లో దొరుకుతాయా అని ముందే అడుగుతాను. మావి హైదరాబాదు నుంచి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా గడ్డి చీలమండలు దాటి పెరిగిపోయి, ఒక నిశ్చితార్థం వాళ్లకు వేరే చోటు చూసుకోమని చెప్పాల్సి వచ్చింది.