గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిదో సీజన్ మళ్ళీ చూశా, బాధ అలాగే ఉంది

మా పిన్ని కొడుకు ఈమధ్యే గేమ్ ఆఫ్ థ్రోన్స్ (సింహాసనం కోసం రాజకుటుంబాలు కొట్టుకునే అమెరికన్ టీవీ షో) మొదలుపెట్టాడు, "అక్కా చివరి సీజన్ నిజంగానే అంత బాలేదా, లేక అందరూ అంటున్నారని అందరూ అంటున్నారా" అని అడిగాడు. వాడికి సరిగ్గా చెబుదామని పోయిన వారం ఆరు ఎపిసోడ్లూ మళ్ళీ కూర్చుని చూశా. 5కి 2 ఇస్తా, ఆ రెండూ కూడా ఎందుకో చెప్తా. కథ మొత్తం రాసేస్తున్నా, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

2019లో నేను మాదాపూర్‌లో పీజీలో ఉండేదాన్ని. అమెరికాలో ఆదివారం రాత్రి వచ్చే ఎపిసోడ్ మనకి సోమవారం పొద్దున ఆరున్నరకి వచ్చేది, నలుగురం ఒకే లాప్‌టాప్ ముందు కూర్చుని చూసి, అప్పుడు స్నానాలు చేసి ఆఫీసులకి పరిగెత్తేవాళ్ళం. ఏడో సీజన్ 2017 ఆగస్టులో అయిపోయింది, ఇది 2019 ఏప్రిల్‌లో వచ్చింది, అంటే ఏడాదిన్నర పైనే ఎదురుచూశాం. అంత ఎదురుచూశాక వచ్చినవి ఆరే ఎపిసోడ్లు.

ముందు బాగున్నది చెప్తా. రెండో ఎపిసోడ్ ఎన్నిసార్లైనా చూడొచ్చు. తెల్లారితే శవాల సైన్యం వచ్చి పడుతుంది, అందరూ చచ్చిపోతామనే అనుకుంటున్నారు, ఆ రాత్రి మంట చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు, అంతే, వేరే ఏమీ జరగదు. ఆడవాళ్ళని నైట్ (ప్రమాణం చేసిన వీరుడు) చెయ్యరని తెలిసినా జీవితమంతా నైట్‌లాగే మాట నిలబెట్టుకుంటూ బతికిన బ్రియెన్‌ని, నైట్ అయిన జైమీ మోకాళ్ళ మీద కూర్చోమని, కత్తి భుజం మీద పెట్టి నైట్‌ని చేస్తాడు. లేచినప్పుడు ఆమె మొహంలో వచ్చే ఆ నవ్వు చూసి పీజీలో నలుగురం ఏడ్చాం, పోయిన వారం ఒక్కదాన్నే చూసినా ఏడుపొచ్చింది. ఈ షో మనుషుల్ని ఎంత బాగా రాయగలదో చెప్పడానికి ఆ ఒక్క సీన్ చాలు.

మూడో ఎపిసోడ్ 82 నిమిషాల యుద్ధం, బయట సీన్లకే 55 రాత్రులు షూటింగ్ చేశారట. కానీ మాకు కనపడితే కదా! ఏప్రిల్ నెల, హైదరాబాద్‌లో ఆరున్నరకే ఎండ కిటికీలోంచి మీద పడుతుంది, దుప్పట్లు రెండు తెచ్చి కిటికీకి కట్టి, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టినా ఎవరు ఎవర్ని పొడుస్తున్నారో తెలియలేదు. తర్వాత కెమెరామన్ ఏమో చాలామందికి టీవీ సరిగ్గా సెట్ చేసుకోవడం తెలీదన్నట్టు మాట్లాడాడు, అది నాకు చాలా బాధనిపించింది. ఫోన్లలో, పాత లాప్‌టాప్‌లలో చూసేవాళ్ళు కోట్లమంది ఉంటారు, వాళ్ళూ ప్రేక్షకులే. ఇక మొట్టమొదటి ఎపిసోడ్ మొదటి సీన్ నుంచి భయపెడుతూ వచ్చిన ఆ చావు అంతా ఒక్క రాత్రిలో, ఒక్క పోటుతో అయిపోయింది. ఆర్యా అనే అమ్మాయి చంపడం నాకు ఓకే, కానీ ఆ శవాల సైన్యాన్ని నడిపే నైట్ కింగ్‌కి అసలు ఏం కావాలో, ఎందుకొచ్చాడో సరిగ్గా చెప్పకుండానే పక్కన పెట్టేశారు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది మాత్రం జైమీ. మొదటి ఎపిసోడ్‌లో పిల్లాణ్ణి కిటికీలోంచి తోసేసినవాడు, మనం అసహ్యించుకుంటూ మొదలుపెట్టినవాడు. మూడో సీజన్‌లో చెయ్యి పోయి, వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని, తను ఆ పిచ్చి రాజుని ఎందుకు చంపాడో బ్రియెన్‌కి చెప్తాడు. రాజు రాజధాని ఊరు మొత్తం తగలబెట్టమన్నాడు, ఐదు లక్షల మంది ఉన్న ఊరు, అందుకని చంపా, ఆ ఊరే నన్ను రాజుని చంపిన ద్రోహి అంది. అది చెప్పి స్పృహ తప్పిపోతూ "నా పేరు జైమీ" అంటాడు. ఆ సీన్ తర్వాత మనం అతన్ని చూసే చూపే మారిపోయింది, ఐదు సీజన్లు అలా కొంచెం కొంచెంగా మనిషిని చేసుకుంటూ వచ్చారు. అలాంటివాడి చేత చివర్లో ఏమనిపించారు? అదే ఊళ్ళో అమాయకులు వేలమంది చస్తారని తమ్ముడు టిరియన్ బతిమాలుతుంటే, నిజానికి ఆ జనం గురించి నాకెప్పుడూ పెద్దగా పట్టలేదు అంటాడు. ఆ జనం కోసమే కదయ్యా నువ్వు పరువు మొత్తం పోగొట్టుకున్నది!

అతను తన కవల సోదరీ, ప్రియురాలూ అయిన రాణి సెర్సీ దగ్గరికి తిరిగి వెళ్ళడం తప్పని నేను అనట్లేదు, చెడు అలవాటు మానలేని మనుషులు మన ఇళ్ళల్లోనే ఉంటారు, మానేశాడు అనుకున్న రోజే మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళని చూశాం. కానీ ఆ గుంజాటన చూపించాలి. బ్రియెన్‌తో ఒక రాత్రి, తర్వాత గుర్రమెక్కి వెళ్ళిపోవడం, ఆమె చలిలో నిలబడి ఏడవడం, అన్నీ ఒకే ఎపిసోడ్‌లో అయిపోయాయి.

డ్రాగన్లున్న రాణి డానీ విషయం కూడా ఇంతే. ఆవిడ రాజధాని ఊరు తగలబెట్టడం ఎక్కడినుంచో ఊడిపడలేదు, నాలుగో సీజన్‌లోనే 163 మంది బానిసల యజమానుల్ని శిలువ వేయించింది, ఏడో సీజన్‌లో మోకరిల్లని తండ్రీకొడుకుల్ని డ్రాగన్‌తో కాల్పించింది, ఆ నిప్పు ఆవిడలో మొదటినుంచీ ఉంది. కానీ అంతకుముందు కోపమంతా గొలుసులు వేసినవాళ్ళ మీద, ఎదురు తిరిగినవాళ్ళ మీద. ఇక్కడ గంటలు మోగాయి, ఊరు లొంగిపోయింది, గెలిచేసింది, అప్పుడు వీధుల్లో పరిగెత్తే పిల్లల మీదకి వెళ్ళింది. ఆ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పడానికి కనీసం ఒక సీజన్ పడుతుంది, వీళ్ళు ఇచ్చింది నాలుగో ఎపిసోడ్ చివర, ఐదో ఎపిసోడ్ మొదలు. డానీగా చేసిన ఎమిలియా క్లార్క్ పాపం ఆ గంటల శబ్దం వింటున్న కొన్ని సెకన్లలో మొహంతోనే ఎంత చెప్పగలదో అంతా చెప్పింది, ఆ తర్వాత కెమెరా కింద వీధుల్లోకి వెళ్ళిపోయింది, ఆ ఎపిసోడ్‌లో ఆవిడ మొహం మళ్ళీ దగ్గరగా చూపించనే లేదు.

మొదటి ఎపిసోడ్‌లో రాజు కుటుంబం ఉత్తరాదికి రావడానికి నెల పట్టింది, అదే ఈ కథకి ప్రాణం. దూరం దూరంలాగే ఉండేది, తప్పు చేస్తే తల తెగేది, మాటిచ్చి తప్పితే పెళ్ళింట్లో రక్తం పారేది. ఆఖరికి వచ్చేసరికి దూరాలూ లేవు, ఎవరికీ ఏదీ గుర్తూ లేదు. నాలుగో ఎపిసోడ్‌లో సముద్రం మీద దాక్కున్న ఓడలు పెద్ద బాణాలతో గురిచూసి డ్రాగన్‌ని పడగొడతాయి, ఆకాశంలోంచి వస్తున్న డానీకి ఓడలు కనపడలేదా అంటే, షో నడిపిన బెనియాఫ్ ఎపిసోడ్ తర్వాత వచ్చే వీడియోలో డానీ ఆ ఓడల్ని కాస్త మర్చిపోయింది అన్నాడు. పక్క ఎపిసోడ్‌లో అవే బాణాలు ఒక్కటీ తగలవు.

మొదటి ఆరు సీజన్లూ పదేసి ఎపిసోడ్లు, ఏడోది ఏడు, ఇది ఆరు. ఇంకా తీస్తామంటే షో వేసిన హెచ్‌బీవో ఛానెల్ వద్దనేది కాదు, షో నడిపిన ఇద్దరే మొత్తం 73 ఎపిసోడ్లు చాలనుకున్నారు. కథకి ఆధారమైన పుస్తకాలు అయిపోయాయి కాబట్టి పాపం వాళ్ళేం చేస్తారు అంటారు కొందరు, ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు, నిజమే. కానీ ఆరో సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు కూడా ముందు పుస్తకం లేకుండా తీసినవే కదా, అవెంత బాగున్నాయి! మన సీరియళ్ళు ఒక కాఫీ కప్పు కింద పెట్టడానికి మూడు రోజులు సాగదీస్తాయని తిట్టుకుంటాం, ఇక్కడ సాగాల్సిన చోట సాగనివ్వలేదు.

చివరి ఎపిసోడ్ చూస్తుంటే నాకు మహాభారతం గుర్తొచ్చింది. యుద్ధం 18 రోజుల్లో అయిపోయింది, కథ అయిపోలేదు. స్త్రీ పర్వం ఉంది, గాంధారి కొడుకుల శవాల మధ్య తిరుగుతూ ఏడ్చి కృష్ణుణ్ణే శపిస్తుంది, ఆ తర్వాత శాంతి పర్వం, గెలిచిన ధర్మరాజు నాకీ రాజ్యం వద్దు అని కూలబడిపోతాడు. మన పెద్దవాళ్ళకి తెలుసు, అంత చావు తర్వాత ఏడవడానికి టైమ్ కావాలని. ఇక్కడ అంత ఊరు బూడిదైపోయింది, డానీని ప్రేమించిన జాన్ ఆవిడని తన చేత్తో చంపేశాడు, డ్రాగన్ సింహాసనాన్ని కరిగించేసింది (అది మాత్రం చాలా బాగా తీశారు), వెంటనే కొన్ని వారాలు గడిచిపోయి పెద్దమనుషులంతా కుర్చీల్లో కూర్చుని, బ్రాన్ (మొదట్లో జైమీ కిటికీలోంచి తోసేసిన ఆ పిల్లాడు) కథ కన్నా గొప్ప కథ ఎవరికుంది అని టిరియన్ అంటే సరే అని బ్రాన్‌ని రాజుని చేసేస్తారు. బూడిదైపోయిన ఆ ఊరివాళ్ళ తరఫున ఒక్క మనిషి కూడా అక్కడ లేడు. జాన్ అసలు ఎవరి కొడుకో అన్నది ఇన్నేళ్ళు దాచిన రహస్యం, అదీ ఎందుకూ అక్కర్లేకుండా పోయింది.

సీజన్ మళ్ళీ తీయమని 15 లక్షల మందికి పైగా పిటిషన్‌లో సంతకాలు పెట్టారు, నేను పెట్టలేదు. రమీన్ జవాదీ సంగీతం, ఆ సెట్లు, చలిలో రాత్రిళ్ళు పనిచేసినవాళ్ళు, వాళ్ళ తప్పేం లేదు. ఆ ఏడాది 12 ఎమ్మీ అవార్డులు కూడా వచ్చాయి. నేను ఇచ్చిన రెండు పాయింట్లూ వాళ్ళకీ, రెండో ఎపిసోడ్‌కీ.

మా వాడికి ఇదంతా చెబుదామనే అనుకున్నా. నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, మూడో సీజన్‌లో ఆ వేడినీళ్ళ తొట్టి సీన్ అప్పుడే చూశాడంట, "అక్కా, జైమీ ఇంత మంచోడా, ఇకనుంచి నా ఫేవరెట్ వీడే" అన్నాడు. అవున్రా, చూడు చూడు అన్నా. ఇంకేం చెప్పలేదు.